ఇంట్లో ఐదుగురం, ఐదు రకాల అభిరుచులు: నెలవారీ సభ్యత్వమా, సినిమాకింత అని అద్దెనా?

మేడమీద_గది

నమస్తే అండీ. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద పోస్టా అనుకోకండి. మా ఇంట్లో చాలా రోజులుగా నలుగుతున్న పంచాయితీ ఇది.

ఇంట్లో ఉండేది నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, ఐదేళ్ల బాబు, మా నాన్న. హాస్టల్లో ఉండే మా తమ్ముడు కూడా అకౌంట్ల విషయానికొచ్చేసరికి ఇంట్లో మనిషే. ప్రస్తుతం మూడు సర్వీసులు నడుస్తున్నాయి. ఒకటి ఇంటర్నెట్ ప్లాన్‌తో పాటు వచ్చింది. ఒకటి అమ్మాయి పట్టుబట్టి పెట్టించింది. మూడోది ఒకే ఒక్క సిరీస్ కోసం తీసుకున్నాం. సిరీస్ అయిపోయింది గానీ డబ్బు కోత ఆగలేదు.

ఇన్ని ఉండి కూడా సెలవు రోజు రాత్రి అందరం టీవీ ముందు కూర్చుంటే చూడ్డానికి ఏమీ ఉండదు. రిమోట్ ఒకరి చేతిలోంచి ఒకరికి మారుతూ, పోస్టర్లు జరుపుకుంటూ పోతాం. ట్రైలర్లు మాత్రం బోలెడు చూస్తాం. ఈలోపు బాబు సోఫాలోనే నిద్రపోతాడు.

మా నాన్నది ఇంకో కథ. ఆయనకు పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలు కావాలి. వెతికితే పేరు వస్తుంది, బొమ్మ వస్తుంది, నొక్కితే అద్దె కట్టమంటుంది. "నెలనెలా కడుతూనే ఉన్నాం కదరా, మళ్లీ ఈ అద్దె ఏమిటి?" అంటారు. నా దగ్గర జవాబు లేదు. పోనీ అని ఒకసారి అద్దె కట్టాను. సగంలో నిద్రొచ్చి ఆపేశారు. మూడో రోజు మిగతా సగం చూద్దామని పెడితే సినిమా లేదు, మళ్లీ కట్టమంది. అప్పటి నుంచి నేను ఏ సర్వీసు పేరెత్తినా ఆయన నవ్వుతారు.

తమ్ముడి దగ్గర టీవీలో "ఈ పరికరం మీ ఇంటికి చెందినది కాదు" అన్న అర్థం వచ్చేలా ఏదో చూపిస్తోందట. పాత ట్యాబ్లెట్‌లో బొమ్మ మసకగా వస్తోందని అమ్మాయి గొడవ. ఇప్పుడున్నదానికంటే ఖరీదైన ప్లాన్‌కు మారితే బాగుపడుతుందేమో తెలియదు.

ఏది ఉంచుకోవాలి, ఏది తీసేయాలి? అన్నీ తీసేసి కావాల్సిన సినిమా కావాల్సినప్పుడు అద్దెకు చూసుకుంటే నయమా? "ఫలానాది బాగుంటుంది" అని కాకుండా, ఏం చూసి నిర్ణయించుకోవాలో చెప్పండి. మా ఇంట్లో నలుగురికి నచ్చజెప్పాలి నేను.

ఇంటర్వెల్_బ్యాంగ్

ఒక్కటి ఉంచండి, మిగతావి పీకేయండి. నెల అయ్యాక అది ఆపేసి ఇంకోటి తీసుకోండి. నేనలాగే చేస్తాను. మూడింటినీ ఒకేసారి మోయడం దేనికి? ఎటూ ఒకసారికి ఒకటే చూస్తాం.

సంవత్సరం ప్లాన్ మాత్రం తీసుకోకండి. నెలకు తక్కువ పడుతుందని ఆశపెడతారు, తీసుకున్నాక ఇలా తిప్పుకోవడానికి వీలుండదు. ఇంకోటి: క్యాన్సిల్ చేస్తే అప్పటికప్పుడు ఆగిపోతుందని చాలామంది నెలాఖరు దాకా ఆగి, ఆ రోజు మర్చిపోతారు. చాలా సర్వీసుల్లో కట్టిన గడువు చివరిదాకా నడుస్తుంది. తీసుకున్న రోజే క్యాన్సిల్ కొట్టి హాయిగా చూసుకోండి.

పాత_హెడ్‌సెట్

నేను కొన్నేళ్లు ఒక స్ట్రీమింగ్ కంపెనీ కస్టమర్ సపోర్ట్‌లో పనిచేశాను. పేరు చెప్పను. "నెలనెలా కడుతున్నాం కదా, మళ్లీ అద్దె ఏమిటి" అన్న మీ నాన్నగారి మాట నేను విన్నన్ని సార్లు మా ఇంట్లోవాళ్లు నా పేరు పెట్టి పిలిచి ఉండరు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక సినిమాకు సభ్యత్వంలో చూపించే హక్కులు వేరు, అద్దెకిచ్చే హక్కులు వేరు. నిర్మాతలు వీటిని విడివిడిగా అమ్ముతారు. అందుకే ఒకే సినిమా ఒక సర్వీసులో సభ్యత్వంలోనూ, ఇంకోదాంట్లో అద్దెకూ ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్‌లో అద్దె అన్నదే లేదు, కనిపించేదంతా సభ్యత్వంలోదే. ప్రైమ్ వీడియో అలా కాదు. అది ఒకే కప్పు కింద మూడు దుకాణాలు: సభ్యత్వంతో వచ్చేవి కొన్ని, అద్దెకో అమ్మకానికో పెట్టినవి కొన్ని, పైన ఇంకో చందా కడితే తెరుచుకునే ఛానళ్లు కొన్ని. వెతికితే మూడూ కలగలిసి వస్తాయి. మీ నాన్నగారు రెండో దుకాణంలోకి అడుగుపెట్టారన్నమాట. యాపిల్ టీవీ యాప్‌లోనూ, యూట్యూబ్‌లోనూ అద్దెకు తీసుకోవాలంటే సభ్యత్వం అక్కర్లేదు. యూట్యూబ్ ప్రీమియం కట్టేవాళ్లకు కూడా అద్దె సినిమాలు అందులో కలిసి రావు. ఈ సంగతి తెలియక గొడవపడేవాళ్లు చాలామంది.

ఇక ఎంపిక. దయచేసి "ఎవరి దగ్గర ఎన్ని సినిమాలున్నాయి" అని మొదలుపెట్టకండి. వేలల్లో ఉంటాయి. మీకు కావాల్సింది మీవాళ్లు చూసేది ఎంత అన్న లెక్క. అది మీ దగ్గరే ఉంది. నెట్‌ఫ్లిక్స్ అయితే ఫోన్ యాప్ కాకుండా కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, అకౌంట్‌లోకి వెళ్లి, ఒక్కో ప్రొఫైల్‌కు చూసినవాటి జాబితా తెరవండి. తేదీలతో సహా వరసగా ఉంటుంది. కింద మొత్తం డౌన్‌లోడ్ చేసుకునే లింకు ఉంటుంది, స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకుంటుంది. ప్రైమ్ వీడియోలోనూ సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీ ఉంది. పోయిన ఆరు నెలల భాగం తీసుకోండి. కాసేపు పెట్టి వదిలేసినవి కొట్టేయండి. మిగిలినవాటి పక్కన "ఇది వేరేచోట అద్దెకు దొరుకుతుందా" అని రాసుకోండి. జస్ట్‌వాచ్ సైట్‌లో దేశం ఎంచుకుని సినిమా పేరు కొడితే ఎక్కడ సభ్యత్వంలో ఉందో, ఎక్కడ అద్దెకుందో విడివిడిగా చూపిస్తుంది.

ఆ జాబితాలో సిరీస్‌లు ఎక్కువుంటే సభ్యత్వమే దారి, ఎందుకంటే సిరీస్‌లు సాధారణంగా అద్దెకివ్వరు. అమ్మితే అమ్ముతారు, అది ఇంకా భారం. జాబితాలో విడి సినిమాలే ఎక్కువుండి, అవీ నెలకు ఒకటో రెండో అయితే, సభ్యత్వం మీరు చూడని రోజులకు కడుతున్నట్టే. పిల్లలున్న ఇంట్లో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. ఐదేళ్ల పిల్లాడు ఒకే బొమ్మల సినిమాను ఎన్నిసార్లయినా చూస్తాడు. వాడికి అద్దె పనికిరాదు.

తర్వాత చూడాల్సింది తెరల సంఖ్య. ప్రొఫైళ్ల సంఖ్య కాదు. నెట్‌ఫ్లిక్స్‌లో ఒక అకౌంట్‌కు ఐదు ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చు. అది చూసి ఐదుగురూ ఒకేసారి చూడొచ్చనుకుంటారు. స్టాండర్డ్ ప్లాన్‌లో ఒకేసారి రెండు పరికరాలు, ప్రీమియంలో నాలుగు. మీ ఇంట్లో రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య ఎన్ని తెరలు వెలుగుతాయో ఒక వారం గమనించండి. అమ్మాయి ట్యాబ్లెట్‌లో, నాన్నగారు టీవీలో, అంతే అయితే రెండు చాలు.

ఖరీదైన ప్లాన్‌లో ఇంకో ఆకర్షణ 4కె, అంటే హెచ్‌డీ కంటే స్పష్టమైన బొమ్మ. దానికి టీవీ 4కెది అయి ఉండాలి, నెట్ వేగం కూడా నిలకడగా ఉండాలి. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం 4కెకు సెకనుకు 15 మెగాబిట్లు, ఫుల్ హెచ్‌డీకి 5 చాలు. డేటా పరిమితి ఉన్న కనెక్షన్ అయితే ఇంకా జాగ్రత్త: హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా పోతే, 4కెలో 7 జీబీ దాకా పోతుంది.

ఇప్పుడు ట్యాబ్లెట్ సంగతి. ప్లాన్ మార్చకండి! ఆండ్రాయిడ్‌లో వైడ్‌వైన్ అని కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు ఉంటుంది. పరికరానికి ఎల్1 స్థాయి ఉంటే హెచ్‌డీ వస్తుంది. ఎల్3 మాత్రమే ఉంటే మీరు ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా ఎస్‌డీ, అంటే తక్కువ స్పష్టత ఉన్న బొమ్మ దగ్గరే ఆగుతుంది. చవక ట్యాబ్లెట్లు, పాతవి చాలావరకు ఈ బాపతే. నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ నొక్కితే ఎల్ ఒకటో మూడో రాసి ఉంటుంది, గరిష్ఠంగా ఏ నాణ్యత వస్తుందో కూడా ఉంటుంది. ఇది తెలియక ప్లాన్ పెంచుకుని, మళ్లీ ఫోన్ చేసి మమ్మల్ని తిట్టినవాళ్లున్నారు. తప్పు వాళ్లది కాదు లెండి, ప్లాన్ అమ్మేటప్పుడు ఆ ముక్క ఎవరూ చెప్పరు.

మీ నాన్నగారి సగం సినిమా గురించి కూడా చెప్పాలి. యాపిల్‌లో, యూట్యూబ్‌లో, ప్రైమ్‌లో అద్దెకు సాధారణంగా రెండు గడియారాలుంటాయి. తీసుకున్నాక మొదలుపెట్టడానికి 30 రోజులు. ప్లే నొక్కిన క్షణం నుంచి పూర్తి చేయడానికి 48 గంటలు. ఆ 48 గంటల్లో ఎన్నిసార్లయినా చూడొచ్చు, దాటితే మాత్రం పోయినట్టే. గడువు సినిమాను బట్టి, దేశాన్ని బట్టి మారవచ్చు, కట్టే ముందు ఆ పేజీలోనే రాసి ఉంటుంది. సగంలో నిద్రపోయే మనిషికి రాత్రి పదింటికి మొదలుపెట్టకండి. శనివారం పొద్దున పెట్టండి. సోమవారం పొద్దున దాకా సమయం ఉంటుంది.

మేడమీద_గది

పాత_హెడ్‌సెట్ గారూ, చాలా థాంక్సండీ. ట్యాబ్లెట్ చూశాను. ఎల్3 అనే ఉంది. అమ్మాయికి చూపిస్తే "అయితే కొత్త ట్యాబ్లెట్ కొనండి" అంది. సమస్య ఒకచోట తీరి ఇంకోచోట మొలిచింది.

చూసినవాటి జాబితాలు కూడా తీశాం. మా ఆవిడ పక్కన కూర్చుని కొట్టివేతలు చేసింది. సిరీస్ కోసం తీసుకున్న సర్వీసులో సిరీస్ తర్వాత ఎవరూ ఏమీ చూడలేదు, ఒక్క బాబు తప్ప. వాడు కూడా ఒకే కార్టూన్. అమ్మాయి జాబితా అంతా సిరీస్‌లే. మా ఇద్దరిదీ నెలకు ఒకటీ అరా సినిమాలు, అందులోనూ సగం మధ్యలో వదిలేసినవి. నాన్న ప్రొఫైల్‌లో ఆయన చూసినవాటికంటే మా తమ్ముడు చూసినవే ఎక్కువున్నాయి. అదొక చిన్న గొడవైంది.

తమ్ముడి విషయం, ఇంటర్నెట్ ప్లాన్‌తో వచ్చినదాని విషయం ఎవరైనా చెబుతారా? ఆ యాప్‌లో క్యాన్సిల్ అన్న బటనే కనబడట్లేదు. నాన్న పాత సినిమాల సమస్య కూడా అలాగే ఉంది. ఆయన అడిగినవాటిలో కొన్ని అద్దెకు కూడా లేవు.

వెండి_డిస్క్

మీ నాన్నగారి పక్షాన నేను మాట్లాడతా. నాదీ అదే బాపతు.

పాత సినిమాలు ఇప్పుడు దొరక్కపోవడానికి కారణం ఎవరికీ అక్కర్లేకపోవడం ఒక్కటే కాదు. డిస్కుల కాలంలో అద్దెకిచ్చేవాడు డిస్కు కొనుక్కుంటే చాలు. అమెరికా చట్టంలో, కొన్న డిస్కును సినిమా కంపెనీని అడక్కుండానే అద్దెకిచ్చుకోవచ్చు. నెట్‌ఫ్లిక్స్ 1998లో మొదలైంది అలాగే, డిస్కులు పోస్టులో పంపుతూ. మార్కెట్లో డిస్కు ఉంటే చాలు, వాళ్ల దగ్గర ఆ సినిమా ఉండొచ్చు. 2007లో స్ట్రీమింగ్‌లోకి దిగాక ఆ వెసులుబాటు పోయింది. ఏ సినిమాకు ఆ సినిమా, ఏ దేశానికి ఆ దేశం, ఇన్నాళ్లకని హక్కులు కొనాలి. గడువు తీరగానే తీసేయాలి. హక్కులు ఎవరి దగ్గరున్నాయో తేలని పాత సినిమాల జోలికి ఎవరూ పోరు. వారసులు నలుగురుండి ఒకరితో ఒకరికి పడకపోతే ఇక అంతే సంగతులు. నెట్‌ఫ్లిక్స్ ఆఖరి డిస్కులు పంపింది 2023 సెప్టెంబర్ 29న. దాంతో ఆ పెద్ద పెట్టె మూతపడింది.

అందుకని పాత సినిమాల కోసం ఏ సర్వీసుకీ సభ్యత్వం కట్టకండి. ముందు యూట్యూబ్‌లో వెతకండి. హక్కులున్న సంస్థలే తమ సొంత ఛానళ్లలో పాత తెలుగు సినిమాలు పూర్తిగా పెట్టినవి చాలా ఉన్నాయి, ప్రకటనలతో ఉచితంగా. ఎవరో టీవీలోంచి రికార్డు చేసి పెట్టినవి కాకుండా సంస్థ ఛానల్ చూసుకుని పెట్టండి, బొమ్మ నయంగా ఉంటుంది. పైగా 48 గంటల గోల లేదు, ఎక్కడ నిద్రపోతే అక్కడి నుంచే మర్నాడు. పబ్లిక్ లైబ్రరీ సభ్యత్వం ఉంటే అక్కడా అడగండి. కొన్ని లైబ్రరీలు డిస్కులిస్తాయి, కొన్ని కనోపీ లాంటి ఆన్‌లైన్ సినిమాల సర్వీసును సభ్యులకు ఉచితంగా ఇస్తాయి.

ఒక సినిమాను మీ నాన్నగారు ఏడాదికోసారైనా చూస్తారనుకుంటే డిస్కు దొరుకుతుందేమో చూడండి. డిజిటల్‌గా "కొనడం" మీద నాకు నమ్మకం లేదు. అల్ట్రావయొలెట్ అని ఒకటుండేది, పెద్ద పెద్ద స్టూడియోలు వెనకుండి నడిపించినది. కొన్న సినిమాలన్నీ అందులో దాచుకోవచ్చన్నారు. 2019 జూలై 31న మూసేశారు. ముందే వేరే సర్వీసుకు కలుపుకున్నవాళ్ల సినిమాలు చాలావరకు మిగిలాయి, నోటీసు చూడనివాళ్లు ఇబ్బందిపడ్డారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం వచ్చింది: సర్వీసు తర్వాత వెనక్కి తీసుకోగలిగే లైసెన్సునే అమ్ముతూ, దాన్ని "కొనండి" అని పిలవాలంటే, అది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. చట్టం పెట్టి చెప్పించాల్సి వచ్చిందంటే చూసుకోండి.

అర్ధరాత్రి_షో

అందరూ అద్దెను చిన్నచూపు చూస్తున్నారు. మా ఇంట్లో సభ్యత్వాలన్నీ తీసేశాం, అద్దె ఒక్కటే. దానివల్ల జరిగిన మేలేమిటంటే, వెతుకులాట పోయింది. డబ్బు కట్టాలంటే ముందే అనుకోవాలి కదా. వారం మధ్యలో భోజనాల దగ్గర ఎవరో ఒకరు పేరు చెబుతారు, ఇంకొకరు వద్దంటారు, తేలాక తీసుకుంటాం. మొదలుపెట్టడానికి 30 రోజులుంటాయి కాబట్టి తొందర లేదు. కట్టాం కాబట్టి చివరిదాకా చూస్తాం. మధ్యలో ఫోన్ తీసేవాళ్లు కూడా తగ్గారు.

కొత్త సినిమాలు కొన్ని సభ్యత్వంలోకి రావడానికి ముందే అద్దెకొస్తాయి. మొదట్లో అద్దె ఎక్కువుంటుంది, కొన్ని వారాలాగితే దిగుతుంది. ఆగగలిగితే ఆగండి.

ఒక్క జాగ్రత్త. యాపిల్‌లో కుటుంబమంతా ఒక గ్రూపుగా ఉన్నా, కొన్న సినిమాలు పంచుకోవచ్చు గానీ అద్దెవి పంచుకోలేరు. గూగుల్ కుటుంబ లైబ్రరీలోనూ అంతే. ఎవరి అకౌంట్‌తో అద్దె కట్టారో అదే అకౌంట్ టీవీలో ఉండాలి. మా ఆవిడ ఫోన్‌లో కట్టి, టీవీలో నా అకౌంట్‌తో వెతుక్కున్న రాత్రి మేమిద్దరం సినిమా చూడలేదు, సెట్టింగ్స్ చూశాం.

పాత_హెడ్‌సెట్

అర్ధరాత్రి_షో గారు చెప్పింది పెద్దవాళ్లున్న ఇంటికి బాగా కుదురుతుంది. మేడమీద_గది గారింట్లో అమ్మాయి సిరీస్‌లు, బాబు కార్టూన్ ఉన్నాయి కాబట్టి ఒక్క సభ్యత్వమైనా తప్పదు. కాకపోతే ఒక్కటి చాలు. బాబు కార్టూన్ ఏ సర్వీసులో ఉందో జస్ట్‌వాచ్‌లో చూడండి. అమ్మాయి సర్వీసులోనూ ఉంటే మూడోదాన్ని ఉంచడానికి కారణమే లేదు.

తమ్ముడి సంగతి. నెట్‌ఫ్లిక్స్ 2023 మేలో వందకు పైగా దేశాల్లో ఈ నియమం గట్టిగా పెట్టింది: ఒక అకౌంట్ ఒక ఇంటికే. ఇంట్లో టీవీ ఏ ఇంటర్నెట్‌కు కలిసి ఉందో దాన్ని బట్టి "ఇల్లు" ఏదో గుర్తిస్తుంది. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ప్రయాణాల్లో చూస్తే పెద్ద ఇబ్బంది రాదు, వేరేచోట టీవీలో శాశ్వతంగా పెడితేనే అడ్డుపడుతుంది. మీ దేశంలో, మీ ప్లాన్‌లో ఉంటే అదనపు సభ్యుడిగా చేర్చుకోవచ్చు, దానికి వేరే కట్టాలి. లేదంటే అతను సొంత అకౌంట్ తెరుచుకుని ప్రొఫైల్‌ను అక్కడికి బదిలీ చేసుకోవచ్చు. చూసిన చరిత్ర, సిఫార్సులు అన్నీ వెంట వెళ్తాయి. కాకపోతే అతను ఇన్నాళ్లూ చూసింది నాన్నగారి ప్రొఫైల్‌లో! బదిలీ చేస్తే నాన్నగారు చూసినవాటి చరిత్ర కూడా తమ్ముడి అకౌంట్‌లోకి వెళ్తుంది. కొత్తగా మొదలుపెట్టుకోమనండి.

క్యాన్సిల్ బటన్ కనబడకపోవడానికి కారణం సులువు. డబ్బు ఎవరికి కడుతున్నారో వాళ్ల దగ్గరే ఆపాలి. ఇంటర్నెట్ కంపెనీ ద్వారా వచ్చినదాన్ని ఆ కంపెనీ సైట్‌లోనో యాప్‌లోనో చూడాలి. అది ప్లాన్‌లో కలిసి ఉచితంగానే వస్తుంటే ఆపక్కర్లేదు, అలాగే ఉండనీయండి. ఫోన్‌లో యాప్ స్టోర్ ద్వారా కట్టినవైతే గూగుల్ ప్లేలో సబ్‌స్క్రిప్షన్స్, ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కి సబ్‌స్క్రిప్షన్స్ చూడండి. ఇంట్లో అందరి ఫోన్లలోనూ చూడండి, ఒక్క మీదాంట్లోనే కాదు. యాప్ తీసేస్తే చందా ఆగిపోయిందనుకునేవాళ్లు ఎంతమందో. ఆగదండీ. ఏడాది పాటు తెరవని యాప్‌కు కట్టినవాళ్ల ఫోన్లు నేను ఎత్తాను. ఎదుటివాళ్లకు కోపం, నాకు ఇబ్బంది, వెనక్కివ్వడానికి అధికారం నాకు లేదు.

బాబు చేతికి రిమోట్ వెళ్తుంది కాబట్టి, ప్రైమ్ ఉంచితే కొనుగోళ్లకు పిన్ పెట్టండి. లేకపోతే వాడు నొక్కినదల్లా మీ కార్డు మీద పడుతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో వాడికి పిల్లల ప్రొఫైల్ పెట్టి, మిగతా ప్రొఫైళ్లకు తాళం వేయండి. వాడి ప్రొఫైల్‌కు తాళం వేసి మీవి తెరిచి ఉంచితే ఉపయోగం లేదు, పక్క బొమ్మ నొక్కడం వాడికి తెలుసు.

ఇంటర్వెల్_బ్యాంగ్

ప్రకటనలతో వచ్చే చవక ప్లాన్ సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? నెట్‌ఫ్లిక్స్‌లో 2022 నవంబర్ నుంచి కొన్ని దేశాల్లో ఉంది. పిల్లల ప్రొఫైల్‌లో ప్రకటనలు రావు కూడా. కాకపోతే హక్కుల గొడవతో కొన్ని సినిమాలు ఆ ప్లాన్‌లో తెరుచుకోవు. అమ్మాయి చూసేవి తెరుచుకుంటున్నాయో లేదో ఒక నెల చూసి చెప్పమనండి. పరీక్షించే పని ఇస్తే పిల్లలు గొడవపడరు.

మేడమీద_గది

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి కూర్చుని తేల్చుకున్నాం. సిరీస్ కోసం తీసుకున్నది ఆపేశాం. బాబు కార్టూన్ అమ్మాయి సర్వీసులో ఉంది, భాష మార్చుకుంటే తెలుగు ఆడియో కూడా ఉంది, ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. ఇంటర్నెట్‌తో వచ్చింది ప్లాన్‌లో భాగమేనట, వదిలేశాం. మా ఇద్దరి సినిమాలు ఇక అద్దెకే. మా ఆవిడ ఫోన్‌తోనే కడతాం, టీవీలోనూ ఆమె అకౌంటే. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ప్రకటనలది ఎంతట?" అన్నాడు.

నాన్నకు టీవీలో యూట్యూబ్ పెట్టిచ్చాను. ఆయన అడిగినవాటిలో రెండు మూడు హక్కుదారుల ఛానళ్లలోనే దొరికాయి. దొరకనివాటికి డిస్కులు వెతుకుతున్నాను.

ఆఖరి సందేహం. నాన్న అప్పుడప్పుడు అమ్మాయితో కలిసి వేరే భాషల సినిమాలు కూడా చూస్తారు. సబ్‌టైటిల్స్ మరీ చిన్నగా ఉన్నాయంటారు. తెల్ల అక్షరాలు తెల్ల చొక్కాల మీద పడితే అసలు కనబడవట. మార్చుకునే వీలుందా?

పాత_హెడ్‌సెట్

ఉంది. నెట్‌ఫ్లిక్స్‌లో కంప్యూటర్ నుంచి అకౌంట్‌లోకి వెళ్లి, ఆయన ప్రొఫైల్ కింద సబ్‌టైటిల్ రూపం అన్నచోట అక్షరాల సైజు పెద్దది చేయండి, రంగు పసుపు పెట్టండి, వెనక నల్ల పట్టీ పెట్టండి. సేవ్ చేశాక టీవీలో ప్రొఫైల్ మార్చి మళ్లీ ఆయనదానిలోకి రండి, అప్పుడు పడుతుంది. ఈ మార్పు ఆయన ప్రొఫైల్‌కే పరిమితం కాబట్టి అమ్మాయితో కలిసి చూసేటప్పుడు కూడా ఆయన ప్రొఫైల్‌లోనే పెట్టాలి. ప్రైమ్‌లో సినిమా నడుస్తుండగా సబ్‌టైటిల్స్ గుర్తు నొక్కితే అక్కడే సైజు మార్చుకోవచ్చు. యూట్యూబ్‌లో టీవీ యాప్‌లోనే, వీడియో నడుస్తుండగా క్యాప్షన్స్‌లోకి వెళ్తే స్టైల్ అని ఉంటుంది.